ఆగాల్సిన చోటు

లిస్బన్ నుంచి ఎవోరా అనే ఊరికి నూటముప్ఫై కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి ఖాజా పధ్నాలుగు మజిలీలు రాశాడు. పధ్నాలుగు! పెళ్లి ఊరేగింపు కూడా అన్నిచోట్ల ఆగదు.

అది జనవరి నెల, శనివారం. మధ్యాహ్నం జొహర్ నమాజు అయింది, భోజనాలయ్యాయి. అబుదాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ రెండుగదుల ఫ్లాటులో, అన్నాలకి పరిచిన దస్తర్‌ఖాన్ ఎత్తేసిన చోటే యూరప్ మ్యాపు పరుచుకుని కూర్చున్నారు ఖాజా, షహర్బాను, మొగుడూ పెళ్లాం. రాయచోటి వైపు నుంచి వచ్చిన నూర్‌బాషాలు వాళ్లు. బయట ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు ఎన్ని మాట్లాడినా ఇంట్లో మాత్రం తెలుగే.

ప్రయాణం షహర్బానుది. అంటే, ఆ కోరిక ఆమెది. ముసఫ్ఫాలో మోటార్‌హోములు బాగుచేసే ఓ షెడ్డులో పదకొండేళ్లుగా కుట్టుపని చేస్తోంది. మోటార్‌హోమంటే బండే ఇల్లు. పొయ్యి, మంచం, నీళ్ల తొట్టి అన్నీ అందులోనే. వాటి కిటికీలకి పరదాలు, సీట్లకి తొడుగులు ఆమె చేతిమీదుగా పోయినవి వందలు. ఒక్కదానిలోనూ ఒక్క పూట పడుకున్నది లేదు. బండ్లు తెచ్చిన ఆడవాళ్లు టీ తాగుతూ చెప్పే ఊళ్ల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. ఎవోరా, సెవిల్లె, కొర్దోబాలో స్తంభాల మసీదు, గ్రనడా, అక్కణ్ణుంచి సముద్రం పక్కగానే ఫ్రాన్సు మీదుగా ఇటలీ. నలభై రోజులు. రోజుకి మూడు గంటలకి మించి బండి కదలకూడదు, నచ్చిన చోట రెండు రోజులుండాలి. ఇవి ఆమె షరతులు. రంజాన్ పండగైన వారానికి బయలుదేరాలి. జూలైలో ఖాజా ఉద్యోగం ఖలాస్, ఆ తర్వాత ఇక్కడి వీసా ఉండదు కాబట్టి ఇప్పుడు కాకపోతే మరెప్పుడూ కాదు.

"నీ కంపెనీ కాగితం మిందనే రాయబ్బా, పక్కాగా ఉంటాది" అని ఆ ఫారం అతని ముందు పెట్టింది కూడా ఆమే. అదే పొరపాటయిందో, అదే మంచిదయిందో!

ఖాజా పనే అది. రువైస్‌లో కార్మికుల బస్సులు తిప్పే ఓ చిన్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలో జర్నీ ప్లాన్లు రాస్తాడు. బస్సు ఎప్పుడు కదులుతుంది, ఎక్కడ ఎంతసేపు ఆగుతుంది, డ్రైవరు ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఇవన్నీ రాసి ఖాజా సంతకం పెడితేనే తాళంచెవి డ్రైవరు చేతికి వెళ్తుంది. వారమంతా రువైస్‌లో కంపెనీ గదిలో ఉండి, శుక్రవారం సాయంత్రం కంపెనీ బస్సులో రెండున్నర గంటలు ప్రయాణించి ఇంటికి వస్తాడు.

షహర్బాను ఫారం చేతిలోకి తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టింది. మొదట పగలబడి నవ్వింది.

"పది కిలోమీటర్లకి ఒకసారా! ఇదేం ప్రయాణమబ్బా, ఆగేదానికే పోతాండామా? ఆడ మనల్ని నడిచిపోయేటోళ్లు దాటేస్తారు."

"నిదానంగా పోదామంటివి కదా" అన్నాడు ఖాజా, మ్యాపు మీంచి తల ఎత్తకుండా.

"నిదానం వేరే, భయం వేరే." ఆమె నవ్వు ఆగిపోయింది. "నా మొగం చూడు. నాలుగేండ్లాయె నువ్వు స్టీరింగు పట్టుకోక. కండ్లు మసకలంటివి. డాక్టరేమో కండ్లు బాగుండాయనె. బస్సులో కూడా అందరికంటే ఎనక సీట్లో కూచుంటావని మనోళ్లు చెప్తాండారు. నాకు బండి నడిపేది రాదు. మరి ఆడ నడిపేదెవరు?"

ఖాజా తల ఎత్తాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, పాతికేళ్ల సర్వీసు, మాట కోసం అంతగా తడుముకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పోశన్న యాదికుండాడా నీకు?" అన్నాడు చివరికి.

ఎందుకు ఉండడు! పోశయ్య జగిత్యాల వైపు మనిషి. ఆ కంపెనీలోనే బస్సు డ్రైవరు. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా షహర్బానుకి పసుపు తెచ్చి ఇచ్చేవాడు. రెండువేల ఇరవై ఒకటి రంజాన్‌లో తరీఫ్ దగ్గర రోడ్డు పక్కన ఆగివున్న ట్రెయిలర్‌ని బస్సుతో కొట్టి చనిపోయాడు. నిద్రపోయాడన్నారు.

"ఆ పొద్దు ఆ బస్సులో నేనుండా" అన్నాడు ఖాజా. "నన్ను దించినాక, తిరిగి పోయేటప్పుడు జరిగిండాది."

"అది తెలుసు."

"తెలియనిది చెప్తాండా, విను."

చెప్పాడు. అప్పట్లో సెలవు శుక్ర, శనివారాలు. ఆ రోజు గురువారం. కరోనాతో ఇంకో డ్రైవరు క్వారంటైన్‌లో ఉంటే, పోశయ్య మూడు రోజులుగా రెండు డ్యూటీలు ఒక్కడే లాగుతున్నాడు. నాలుగింటికి రువైస్‌లో బస్సు బయలుదేరింది. లోపల పదిహేనుమంది, అందరూ రోజాలో, అంటే ఉపవాసంతో, ఉన్నవాళ్లే. తరీఫ్‌లో పెట్రోలు బంకు దగ్గర ఇరవై నిమిషాలు ఆగాలని ప్లానులో ఉంది. ఆగితే దారిలోనే పొద్దు పడుతుంది, ఇఫ్తార్ ఇంట్లో కాదు, బస్సులో అవుతుంది. అందుకని రంజాన్ నెలంతా ఖాజా ఒక పని చేసేవాడు. ఆగే చోటు తీసేసేవాడు. కాగితం మీద మాత్రం ఆగినట్టు టిక్కు, అదీ బస్సు కదలకముందే, రువైస్‌లో బల్ల దగ్గరే పెట్టేసేవాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లు పెళ్లాం బిడ్డల దగ్గర ఖర్జూరం నోట్లో వేసుకుంటారు గదా అనుకున్నాడు.

"ముసఫ్ఫాలో దిగినాక, గంటసేపు పండుకోని పో అని చెప్పాల్సినోణ్ణి కూడా నేనే. అది కూడా చెప్పలా. పరిగెత్తుకుంటా వచ్చినా. ఆయప్ప మళ్లీ బండి తిప్పుకోని పోయినాడు. ఎంక్వైరీవోళ్లు కాగితం చూసినారు. టిక్కు ఉంది. విశ్రాంతి తీసుకున్నాడు, అయినా నిద్రపోయినాడు, తప్పు డ్రైవరుదే అని రాసినారు. నన్ను అడిగినారు బానూ. టిక్కు పెట్టింది నువ్వేనా అంటే నేనే అన్నా. అంతే. ఇంకేం చెప్పలా."

ఆ సాయంత్రం షహర్బానుకి కళ్లకు కట్టినట్టు గుర్తుంది. సమోసాలు వేయించి, ఎక్కడిదాకా వచ్చారని మూడుసార్లు ఫోను చేసింది. మూడోసారి గట్టిగానే కసిరింది కూడా. సరిగ్గా పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళకి ఖాజా గుమ్మంలోకి వచ్చాడు. ఆమెకి ఎంత సంతోషమైందో!

"మూడుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టింది నేనే కదా" అంది.

"నీకేం తెలుసు."

"ఇప్పుడు తెలిసె కదా." నోటుబుక్కు దగ్గరికి లాక్కుంది. "ఆయనకి ఈడ ఎవురన్నా ఉండారా?"

"తమ్ముడుండాడు. భూమేశ్. ఫుజైరాలో, క్వారీలో లోడరు నడుపుతాడు."

షహర్బాను ఎవోరా పేరు పైన ఉన్న ఖాళీలో ఒక పేరు రాసింది. ఫుజైరా. "ముందు ఈడికి పోదాం. రేపే. నువ్వే నడపాల" అంది. అది అడగడం కాదు, హుకుం.

ఆదివారం పొద్దున షెడ్డులో తనతో కలిసి కుట్టే ఖతీజాబీ దగ్గర పాత కారు అడిగి తెచ్చింది. ఖాజా స్టీరింగు ముందు కూర్చుని, బిస్మిల్లా అని తాళం తిప్పడానికే పది నిమిషాలు పట్టింది. అరచేతులు చెమటకి జారిపోతుంటే షహర్బాను లుంగీ గుడ్డ ముక్క ఒకటి ఇచ్చింది. ఊళ్లు దాటారు, ఇసుక దాటారు, ఎర్రటి కొండల్లోకి దారి తిరిగింది. ఎక్కడ పెట్రోలు బంకు కనబడితే అక్కడ ఆగాడు. ఆమె విసుక్కోలేదు. మూడు గంటల దారికి ఐదు గంటలు పట్టింది.

క్వారీవాళ్ల గదులు కొండ కింద ఉన్నాయి. గుమ్మం, మంచం, ఆరేసిన బట్టలు అన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. భూమేశ్ ముప్ఫై ఐదేళ్లవాడు, అచ్చం అన్న పోలికే, అదే వెడల్పు నుదురు. ఆదివారం కాబట్టి గదిలో ఒక్కడే ఉన్నాడు.

"రాండ్రి భాయ్. రా అక్కా, కూసో. ఛాయ్ పెడ్త" అని కెటిల్ అందుకున్నాడు.

"ఛాయ్ వద్దు తమ్ముడూ. ముందు నేను చెప్పేది విను" అన్నాడు ఖాజా. నిన్న షహర్బానుకి చెప్పిందంతా, తల వంచుకుని, మళ్లీ చెప్పాడు.

భూమేశ్ కెటిల్ పట్టుకునే నిలబడి విన్నాడు. విన్నాక దాన్ని కింద పెట్టాడు. ఛాయ్ మాట మళ్లీ ఎత్తలేదు.

"ఊర్ల ఏమంటున్నరో ఎరికేనా భాయ్ నీకు?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఖాజాకి కాస్త తేలికయ్యేది. "తాగి నడిపిండు అంటున్నరు. మా అన్న జిందగీల చుక్క ముట్టలే. మా వదినె బాలవ్వ నాలుగేండ్ల సంది పెండ్లిళ్లకు వోతలేదు, జాతరలకు వోతలేదు. మొగడు నిద్రవోయి సచ్చిండట అని నవ్వుతరని. నువ్వు గిన్ని దినాలు గా కాయితం కడుపుల పెట్టుకోని కూసున్నవా?"

భూమేశ్ ఒక అడుగు ముందుకి వచ్చాడు.

"ఆపద్దని నువ్వన్నప్పుడు మా అన్న ఏమన్నడు?"

ఖాజా నోరు తెరిచాడు. మూసుకున్నాడు. "ఏమన్లేదు" అన్నాడు.

"ఏమన్లేదా?"

"లేదు."

భూమేశ్ అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. "సరె. ఇప్పుడు చెప్పినదంత రాసియ్యి. నోటిమాట నాకద్దు. నీ కంపెనీల ఇయ్యి, నాకు ఒకటి పంపు. మా వదినెకు సదివి వినిపిస్త. మాఫీ గీఫీ నన్ను అడగకు, అది నా చేతుల లేదు."

తిరిగి వచ్చేటప్పుడు మసాఫీ అనే ఊరు దాటాక ఒక చెట్టునీడన ఖాజా కారు ఆపాడు. ఈసారి పెట్రోలు బంకు కాదు, ఏమీ లేని చోటు. ఇంజను ఆపేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పినా" అన్నాడు.

"నాకు తెలిసె. నీ గొంతు నాకు తెలీదా?"

"పోశన్న అడిగినాడు. తరీఫ్ ఇంకా దూరముందనంగానే అడిగినాడు. 'భాయ్, కండ్లు గుంజుతున్నయ్, జర ఆపుదునా' అని. నేను గడియారం చూపించినా. బంకు దగ్గరికి వచ్చినాక మళ్లీ అడిగినాడు. 'ఐదు నిమిషాలు చాలు, మొగం కడుక్కుంట' అని. అప్పుడే నీ ఫోన్ వచ్చె. ఫోన్ చెవికాడ పెట్టుకోని, చేత్తో ఇట్ల పో పో అని సైగ చేసినా. యల్లా అన్నా. ఆయప్ప నవ్వినాడు బానూ. 'సరే తియ్, రోజా ఉన్నోళ్లు' అన్నాడు." ఖాజా ఏడ్చేశాడు. నాలుగేళ్లుగా లోపల గడ్డకట్టుకుపోయిన ఏడుపు అది, తొందరగా ఆగలేదు. షహర్బాను అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

అతను ముఖం తుడుచుకున్నాక అంది. "అదే రాయాల. అది లేకుంటే మిగతాదంతా రాసినా రాయనట్టే."

సోమవారం పొద్దున రువైస్‌లో బల్ల దగ్గర కూర్చుని ఖాజా ఒక ఖాళీ జర్నీ ప్లాన్ తీసుకున్నాడు. పైన తేదీ గడిలో నాలుగేళ్ల కిందటి ఆ గురువారం తేదీ వేశాడు. డ్రైవరు పేరు, పోశయ్య. గత మూడు రోజుల్లో నిద్ర, రోజుకి నాలుగు గంటలు. మార్గం, రువైస్ నుంచి ముసఫ్ఫా. విశ్రాంతి కోసం ఎక్కడ ఆగారు అన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం నిలిచింది. అంతే. తర్వాత ఆ గడి చాలక అంచు మీదికి కూడా రాశాడు. ఆగలేదు. డ్రైవరు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ వద్దన్నది నేను. ఆగినట్టు టిక్కు పెట్టిందీ నేనే, బస్సు కదలకముందే. కింద సంతకం చేశాడు.

కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అతను చెడ్డవాడేం కాదు. తలుపు వేసి వచ్చి, ఉర్దూలో మెల్లగా నచ్చజెప్పాడు. ఎప్పుడో ఖలాస్ అయిపోయిన కేసు ఖాజా, ఆరు నెలల్లో ఇంటికి పోయేవాడివి, ఇదెందుకు నెత్తిన వేసుకుంటావు అన్నాడు. ఆ పైన సొరుగులోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టాడు. ఖాజా అడిగిన లెటరు అది. సెలవు ఇస్తున్నామని, తిరిగి ఉద్యోగంలోకి వస్తాడని కంపెనీ రాసి ఇచ్చేది. అది లేకపోతే యూరప్ వీసాకి అర్జీ పెట్టడానికే లేదు.

"ఈ ఫారం నేను తీసుకుంటే మళ్లీ ఎంక్వైరీ మొదలవుతుంది. అది తేలేదాకా నీకు సెలవు లేదు, లెటరు లేదు. తేలాక ఏమవుతుందో నేను చెప్పలేను. ఏ కాగితం మీద సంతకం పెట్టమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

ఖాజా లెటరు వైపు చూశాడు. తన పేరు చక్కగా టైపు చేసి ఉంది. నలభై రోజులు అని ఉంది. షహర్బాను నోటుబుక్కు, అందులో గుండ్రటి అక్షరాలతో కొర్దోబా, గ్రనడా, పదకొండేళ్ల పరదాలు అన్నీ ఒక్కసారి కళ్లముందు మెదిలాయి. ఫారం ముదీర్ వైపు జరిపాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి, "నీ ప్రయాణం పోయింది బానూ" అన్నాడు.

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "పోనీలే" అంది షహర్బాను. పదకొండేళ్ల కోరిక మరి, బాధ ఉండదా? కాసేపటికి సర్దుకుని అడిగింది. "రెండుసార్లు అడిగినాడని రాసినావా?"

"రాసినా."

"అయితే సరే."

మళ్లీ శనివారం వచ్చింది. జొహర్ అయింది, భోజనాలయ్యాయి. ఈసారి దస్తర్‌ఖాన్ ఎత్తిన చోట మ్యాపు లేదు. ఎంక్వైరీ పిలుపు వచ్చే బుధవారానికి. ఖాజా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. షహర్బాను ఎవరి బండి పరదాకో అంచు కుడుతోంది. అప్పుడు ఫోను మోగింది. భూమేశ్.

"భాయ్, నువ్వు పంపిన కాయితం వదినెకు సదివి వినిపించిన. నీతోని మాట్లాడుతనంటున్నది. లైన్ల వెట్టిన, మాట్లాడు."

ఖాజా లేచి నిలబడ్డాడు. షహర్బాను సూది పక్కన పెట్టింది.

బాలవ్వ గొంతు సన్నగా, దూరంగా వినిపించింది. తిడుతుందనుకున్నాడు. శపిస్తుందనుకున్నాడు. వాటన్నిటికీ సిద్ధంగానే నిలబడ్డాడు.

"అన్నా, ఆయన నిన్ను అడిగిండా?"

"అడిగినాడమ్మా."

"రెండుసార్లు?"

"రెండుసార్లు."

ఆమె ఊపిరి తీసుకోవడం వినబడింది.

"నాలుగేండ్ల సంది నిద్రవోయిండు నిద్రవోయిండు అనే అన్నరు అందరు. నేను గూడ 'నిన్ను నమ్ముకున్న నన్నిట్ల జేస్తివి' అని ఆయన ఫొటో ముంగట కూసోని దినాం తిట్టిన. అడిగిండని ఒక్కలన్న చెప్పలేరాయె అన్నా."

ఖాజా ఏదో అనబోయాడు. ఆ లోపే ఆమె ఫోను పెట్టేసింది.